వెదురు పొద నేర్పిన చదువు

1975. కర్ణాటక అడవుల్లో వెదురు తరిగిపోతోంది. కాగితం మిల్లుకు టన్ను రూపాయిన్నరకు కట్టబెట్టిన వెదురు అది. బుట్టలల్లుకు బతికే మేదరులకు మాత్రం ఆ ధర లేదు. ఎందుకు తరిగిందని అడిగితే అటవీ అధికారులు ఊళ్ళ మీదకు నెట్టారు. పశువులను తోలుతున్నారు, ఇష్టమొచ్చినట్టు నరుకుతున్నారు అన్నారు.

నిజం తేల్చే పని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేస్తున్న మాధవ్ గాడ్గిల్‌కు అప్పగించారు. పుణెలో పుట్టి, హార్వర్డ్‌లో డాక్టరేటు చేసి, 1971లో దేశానికి తిరిగొచ్చిన శాస్త్రవేత్త. జీవావరణాన్ని గణితంతో పట్టుకునే విద్య ఆయనది. అయినా కాగితం మీద లెక్కలతో సరిపెట్టుకోకుండా సహచరులతో కలిసి అడవి బాట పట్టారు.

ముళ్ళ వెదురు పొద మొదట్లో చెయ్యి దూరదు. ముళ్ళకొమ్మలు కంచెలా అల్లుకుపోయి ఉంటాయి. వానలు పడ్డాక లేత కొమ్ములు ఆ కంచె మధ్యలోంచే పైకి లేస్తాయి. ముళ్ళు తీసేస్తే పొద ఇరుకు లేకుండా పెరుగుతుందన్న నమ్మకంతో అధికారులు వాటిని నరికించేవారు. అలా చేస్తే లేత కొమ్ములు పశువుల పాలూ, అడవి జంతువుల పాలూ అవుతాయని ఊరివాళ్ళు చెప్పారు. గాడ్గిల్ బృందం ఏళ్ళ తరబడి పొదలను గమనించింది. ఊరివాళ్ళ మాటే నిజమని తేలింది. నా దృష్టిలో మన దేశపు పర్యావరణ విద్యలో ఇంతకంటే గొప్ప పాఠం లేదు.

1983లో భారతీయ విజ్ఞాన సంస్థలోనే గాడ్గిల్ పూనికతో జీవావరణ శాస్త్ర కేంద్రం వెలిసింది. ఆయన దగ్గర పరిశోధన చేసిన రామన్ సుకుమార్ ఏనుగుల వెంట తిరిగి, ఆడ ఏనుగుల కంటే మగ ఏనుగులే ఎక్కువగా పొలాల మీద పడతాయని తేల్చారు. ఏనుగునూ, పంట పోగొట్టుకున్న రైతునూ కలిపి చూసిన చదువు అది.

పర్యావరణాన్ని చదువులో భాగం చేయాలని న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఆ తర్వాత డిగ్రీ విద్యార్థులందరికీ యూజీసీ తెచ్చిన పాఠ్యక్రమంలో మొత్తం 50 తరగతులు ఉండేవి. బయటికెళ్ళి చూడటానికి కేటాయించినవి 5. కాలుష్యం ఎన్ని రకాలో బట్టీపట్టి రాసిన పిల్లల్లో ఎంతమంది తమ ఊరి చెరువు గట్టు మీద ఒక్క పూట నిలబడి ఉంటారు? అలాంటి కొన్ని తరగతులైనా నిజంగా బయట జరగాలని నా కోరిక.

బయటికెళ్ళి చూసే చదువు ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1988లో సుకుమార్ బృందం నీలగిరి కొండల కింద, ముదుమలై అడవిలో 50 హెక్టార్లు గుర్తించింది. సెంటీమీటరు లావున్న మొక్క మొదలుకొని ప్రతిదాన్నీ కొలిచి, నంబరు వేసి, పేరు రాసుకుంది. అలాంటివి 25 వేలకు పైనే. మంటలొచ్చినా, ఏనుగులు విరిచినా లెక్క ఆపలేదు. అప్పటినుంచి ఏటా వెళ్ళి ఏది బతికింది, ఏది పోయింది, కొత్తగా ఏది మొలిచింది అని చెట్టు చెట్టునూ పలకరించి వస్తున్నారు.