ఊరూర వెలసిన గ్రంథాలయ సంఘములు

సంఘసేవ అనగానే నేడు మనకు ముందుగా స్ఫురించునవి రోటరీ, లయన్స్ వంటి సంస్థలు. రోటరీ 1905లోను, లయన్స్ 1917లోను అమెరికాలోని చికాగో నగరమున పుట్టినవి. వైద్య శిబిరములు, రక్తదానములు, విద్యార్థులకు పుస్తకముల పంపిణీ మొదలైన వాటి కార్యక్రమములను మన పట్టణములలో చూచుచునే యున్నాము. ఆ సేవను తక్కువ చేయుట మా అభిమతము కాదు. అయితే ఆ పేర్లు మన దేశమున వినబడక పూర్వమే తెలుగు ఊళ్ళలో యువకులు తమంత తాముగా సంఘములుగా ఏర్పడి, జీతభత్యములు లేని సేవ యొకటి సాగించినారు. అది గ్రంథాలయ సేవ. దాని చరిత్రను నేటి గృహస్థులు ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెనని మా కోరిక.

ఆనాటి గ్రంథాలయ సంఘమనగా ఎట్టిది? ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి, పదిమంది సభ్యులు, ఒక బీరువా, రెండు బల్లలు. చాలచోట్ల ఇంతియే ఆస్తి. సభ్యులు నెలకు కొన్ని అణాల చందా చెల్లించుచుండెడివారు. పెండ్లి మొదలైన శుభకార్యములు జరిగిన యింట గ్రంథాలయమునకు ఇంతయని అడిగి పుచ్చుకొనుట కూడ ఉండెడిది. సాయంకాలము పత్రిక రాగానే చదువు వచ్చినవాడు బిగ్గరగా చదువుట, రానివారు చుట్టును కూర్చుండి వినుట ఆనాటి పఠన మందిరముల ముఖ్యకార్యము. ఆ వినుటనుండియే రాత్రి బడులు పుట్టినవి. పుస్తకము ఇచ్చువాడే అక్షరము నేర్పువాడు, సభకు చాపలు పరచువాడు, ఉపన్యాసకుని స్టేషనుకు ఎదురేగి తోడ్కొని వచ్చువాడు.

ఈ కృషికి తొలి మైలురాళ్ళలో ఒకటి హైదరాబాదులో నాటబడినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము అచ్చట స్థాపింపబడినది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు దీనికి మూలపురుషులు. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. అధిక సంఖ్యాకులు మాటాడు తెలుగునకు పాఠశాలలోను కచేరీలోను తగిన స్థానము లేదు. అట్టిచోట తెలుగు పుస్తకము దొరకు గది యొకటి ఏర్పడుట సామాన్యమైన సంగతి కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసినవి. చదువుటకు గది ఏర్పడిన పిమ్మట చదువదగిన గ్రంథములు కావలెను గదా! 1906లో నెలకొన్న విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రమును, ప్రకృతి శాస్త్రములను తెలుగున అచ్చొత్తించి ఆ కొరతను కొంతవరకు తీర్చినది.

కోస్తా జిల్లాలలో విడివిడిగా నడచుచున్న పఠన మందిరములను ఒక త్రాట కూర్చిన కీర్తి అయ్యంకి వెంకట రమణయ్యగారిది. 1914 ఏప్రిలు 10వ తేదీన విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించినారు. ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఆ సభయందే అవతరించినది. రాష్ట్రస్థాయిలో ఏర్పడిన గ్రంథాలయ సంఘములలో ఇది భారతదేశమున మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. గ్రంథాలయ యాత్రల పేర కార్యకర్తలు ఊరూర తిరిగి, ఉన్న గ్రంథాలయములను చూచి, లేనిచోట క్రొత్తవాటిని పెట్టించినారు. సంఘమునకు దీర్ఘకాలము సారథ్యము వహించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికా రచనకై కారాగారవాసము చేసినవారు. వయోజన విద్య లేని స్వరాజ్యము అసంపూర్ణమని తలచి, గ్రంథాలయమును పెద్దల పాఠశాలగా మలచుటకు 1960లో కన్నుమూయువరకు కృషి చేసినారు.

ఒక్క ఊరి యువజన సంఘము ఎంతటి పని చేయగలదో తెలిసికొనుటకు వేటపాలెమును చూడవలెను. చేనేతకు ప్రసిద్ధి చెందిన ఆ ఊరిలో 1918లో హిందూ యువజన సంఘమువారు సారస్వత నికేతనమును నెలకొల్పినారు. 1929లో ఆంధ్రదేశ పర్యటనలో గాంధీమహాత్ముడు దాని క్రొత్త భవనమునకు శంకుస్థాపన చేసినారు. ఆనాడు విరిగిన వారి చేతికఱ్ఱ అచ్చట భద్రముగా నున్నది. అంతకన్న విలువైన నిధి అచ్చటి పాత పత్రికల సంపుటములు. పెద్ద నగరములలో దొరకని సంచికల కొరకు పరిశోధకులు దూరప్రాంతములనుండి ఆ చిన్న యూరికి పోవుదురు. పత్రికను చదివి పారవేయక కుట్టించి దాచవలెనని ఆనాటి కార్యకర్తలకు తోచుటయే దీనికి కారణము.

పుస్తకము కొరకు మనిషి రాలేనప్పుడు మనిషి కొరకు పుస్తకమే పోవలెనని తలచినవారు పాతూరి నాగభూషణంగారు. కృష్ణా డెల్టాలో ఆనాడు కాలువలే రహదారులు. త్రాడు కట్టి గట్టుమీద నడచుచు లాగెడి పడవలలో ప్రయాణము గంటల తరబడి సాగెడిది. ప్రయాణికునకు చేతినిండ తీరిక, కాలువ యొడ్డున ఊరి వెంట ఊరు. ఈ రెండింటిని గుర్తించి, 1935లో కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ పడవ గ్రంథాలయమును వారు నడిపించినారు. పెట్టుబడి స్వల్పము. ఉన్న దారిని, ఉన్న పడవను, ప్రయాణికుని ఉన్న తీరికను ఉపయోగించుకొనుటయే అందలి యుక్తి. సేవా సంఘములు నేటికిని నేర్వదగిన పాఠమిది.

తెలంగాణమున ఈ సేవ మరింత కష్టముతో కూడినది. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 అక్కడి కార్యకర్తలకు నిత్యము అడ్డుపడెడిది. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో తెలుగున మాటాడబోయిన ఒక ప్రతినిధిని సభికులు గేలిచేసినారు. ఆ పరాభవమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు నడిపించిన ఆ సంఘము గ్రంథాలయములను, పఠన మందిరములను స్థాపించుటను తన ప్రధాన కర్తవ్యములలో చేర్చుకొన్నది. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు భూమిక సిద్ధమైనది ఈ గదులలోనే. ఒకచోట కూర్చుండి పత్రిక చదివినవారే మరియొకచోట కూర్చుండి తమ కష్టములను గూర్చి తీర్మానములు చేసినారు.

ఈ చరిత్రను చెప్పునపుడు దాని లోపమును మరుగుపరచుట న్యాయము కాదు. పఠన మందిరము ఏ వీధిలో నున్నది, దాని గడప ఎవరు త్రొక్కగలిగినారు అను ప్రశ్నలు తప్పవు. అంటరానితనము పాటించిన సమాజములో వెలసిన సంస్థలు ఆ దోషమునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. స్త్రీలు పఠన మందిరమున కూర్చుండి చదువుటయు అరుదు. ఉదారాశయులైన కార్యకర్తలు పుస్తకములను ఇండ్లకు పంపియు, అన్ని వాడలలో రాత్రి బడులు పెట్టియు ఈ దూరమును తగ్గించుటకు యత్నించినారు. అందరిదని పేరు పెట్టినంత మాత్రమున సంస్థ అందరిది కాదనుట వారికిని తెలియును.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ బాధ్యతను స్వీకరించినది. డాక్టరు రంగనాథన్‌గారి కృషి ఫలితముగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు, 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికి వేరువేరుగా చట్టములు చేయబడినవి. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలగుట, జిల్లాకొక సంస్థ ఏర్పడుట, ఉద్యోగులకు జీతములు లభించుట, ఇవన్నియు కార్యకర్తలు చిరకాలము కోరినవే. అయినను కోరినది లభించినప్పుడు పోయినది కూడ కొంత యున్నది. పన్ను కట్టితిమి గదా యని గృహస్థుడు ఊరకుండుట నేర్చినాడు. చాల యూళ్ళలో పాత సంఘము సమావేశమగుట మానినది. పన్ను సొమ్ము గ్రంథాలయమునకు సకాలమున చేరనిచోట అడుగుటకు ఇపుడు సంఘము లేదు. ప్రభుత్వము భవనమును ఈయగలదు, జీతమును ఈయగలదు. పుస్తకమును పట్టుకొని పొరుగింటి తలుపు తట్టు మనిషిని ఈయలేదు.

రేడియో గల గృహములకు ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. 1950, 1960 దశకములలో అనేక గ్రామములలో పదిమంది కూడి రేడియో విన్నది పంచాయతీ కచేరీ వద్దనో, గ్రంథాలయపు అరుగు మీదనో. పత్రిక బిగ్గరగా చదివి వినిపించిన అలవాటే రేడియో వినికిడికి దారి తీసినది. కనుక ఆ సంఘములకు మనము ఋణపడి యున్నాము.

ఆ ఋణమును తీర్చుకొను మార్గమొకటి సూచింతుము. ఆ సంఘముల సభ్యుల పట్టికలు, తీర్మానముల పుస్తకములు, చందా లెక్కలు చాలవరకు ఏ గ్రంథాలయమునను లేవు. కార్యదర్శులుగా పనిచేసినవారి యిండ్లలో, అటకల మీద, ట్రంకు పెట్టెలలో చెదలు పట్టుచున్నవి. పాత యిల్లు పడగొట్టిననాడు అవి చిత్తు కాగితముల క్రింద పోవుచున్నవి. ఆ యింటివారికి అది పనికిరాని కాగితము. ఊరికి మాత్రము అదియే చరిత్ర. ఏ సంవత్సరమున రాత్రి బడి పెట్టినారు, ఎవరు తమ స్థలమునిచ్చినారు, ఎవరిని చేర్చుకొన్నారు, ఎవరిని చేర్చుకొనలేదు అనునది తెలుపగల సాక్ష్యము మరియొకటి లేదు. ప్రతి సంవత్సరము నవంబరు 14 మొదలు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. ఈమారు ఆ వారములో మీ యింటి అటకను ఒకమారు వెదకుడు. అట్టి పుస్తకమేదైన దొరకినచో దానిని మీ జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు అప్పగించి రసీదు పుచ్చుకొనుడు.