ఉత్తనూరు భాగణ్ణ గోష్ఠి

గద్వాల చరిత్ర చెప్పమంటే మావాళ్లు కోటతో మొదలుపెడతారు. సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవుడి గుడి, పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం, చివరకు జరీ చీర. కొల్లాపూర్ వాళ్లు సురభి రాజులను తలుచుకుంటారు. నాగర్‌కర్నూల్ వాళ్లకు ఊరూరా తిరిగి స్థలచరిత్రలు పోగుచేసిన కపిలవాయి లింగమూర్తి గారు ఉన్నారు. వీళ్లందరినీ చెప్పుకోవలసిందే. అయితే పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని పాడించి, పాడేవాళ్లను తయారుచేసిన పెద్దమనిషి ఒకాయన అయిజ పక్కన ఉత్తనూరులో బతికారు. ఆయనే కన్నడంలో పాటలు కట్టిన హరిదాసు గోపాలదాసులు. మన చరిత్ర పుస్తకాల్లో ఆయనకు రావలసినంత చోటు రాలేదని నా బాధ.

ఆయన అసలు పేరు భాగణ్ణ. 18వ శతాబ్దపు మనిషి. పుట్టింది రాయచూరు సీమలోని మొసరకల్లులో. తండ్రి చిన్నతనంలోనే పోయాడని, దాయాదులు పొలం లాగేసుకుంటే తల్లి వెంకమ్మ నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని ఊరు విడిచిందని దాససంప్రదాయం చెబుతుంది. భాగణ్ణ పెద్దవాడు. గాయత్రి జపం, ఆపైన జ్యోతిషం ఆ ఇంటికి అన్నం పెట్టాయి. అలా తిరిగి తిరిగి ఉత్తనూరు చేరారు. గురువు విజయదాసులు ఆయనకు ‘గోపాలవిఠల’ అనే అంకితం ఇచ్చారు. పాట చివరి చరణంలో వచ్చే ఆ ముద్రను హరిదాసుల్లో ఎవరికి వారు పెట్టుకోరు, గురువు ఇవ్వాలి.

నన్ను కట్టిపడేసేది దాని తర్వాతి సంగతి. భాగణ్ణ ఒక్కడే పాడుకుంటూ కూర్చోలేదు. ముగ్గురు తమ్ముళ్లూ దాసులయ్యారు, వాళ్ల ముద్రల్లోనూ అన్న పేరే కలిసింది: గురుగోపాలవిఠల, వరదగోపాలవిఠల, తందెగోపాలవిఠల. ఒకే ఇంట్లో నాలుగు గొంతులు, నాలుగు ముద్రలు. హెళవనకట్టె గిరియమ్మకు అంకితమిచ్చింది కూడా ఆయనేనంటారు. ఆ కాలంలో ఒక ఆడమనిషి కట్టిన పాటకు గురువు ముద్ర దొరకడం చిన్న విషయమా? ఆ పాటలు కన్నడదేశంలో ఆడవాళ్లు ఇప్పటికీ పాడుకుంటున్నారు.

ఇక జొన్నరొట్టె కథ. మాన్వి ప్రాంతంలో శ్రీనివాసాచార్యులనే గొప్ప సంస్కృత పండితుడు ఉండేవాడు. వాడుకభాషలో పాడే దాసులంటే ఆయనకు చులకన. విజయదాసులు భోజనానికి పిలిస్తే కడుపునొప్పి అని సాకు చెప్పి తప్పించుకున్నాడట. ఆ నొప్పి నిజంగానే పట్టుకుంది. ఏ మందుకూ లొంగలేదు. చివరకు విజయదాసుల కాళ్ల మీద పడితే, ఆయన ఉత్తనూరుకు వెళ్లమన్నారు. గోపాలదాసులు ధన్వంతరిని తలుచుకుని జొన్నరొట్టె పెట్టారు, తన ఆయుష్షులోంచి నలభై ఏళ్లు ధారపోశారు. ఆ పండితుడే తర్వాత జగన్నాథదాసై కన్నడంలో హరికథామృతసారం రాశాడు. ఉత్తనూరులో వెంకటేశ్వరుణ్ణి ధన్వంతరి స్వామిగా కొలుస్తారు. ఆయుష్షు ధారపోయడం నమ్మకానికి సంబంధించింది. చరిత్రగా నాకు అందులో కనిపించేది ఇది: వాడుకభాషను చులకన చేసిన మనిషి, మా గద్వాల నడిగడ్డ రోజూ తినే రొట్టె తిని, అందరికీ అందే మాటల్లో పాట కట్టాడు. ఆ మార్పుకు చోటు ఉత్తనూరు.

దాసుల పాటల్లో రెండు దారులున్నాయి. సుళాది ఒకటి. అందులో ఒక్కో ఖండానికి ఒక్కో తాళం, తాళం మారేచోట తడబడితే పాట అక్కడే ఆగుతుంది. గట్టి అభ్యాసం ఉన్నవాళ్లకే అది సాధ్యం. విజయదాసులూ గోపాలదాసులూ ఇద్దరూ సుళాదులు కట్టారు. రెండోది దేవరనామ. పల్లవి ఒకటే, ముందున్నాయన చరణం ఎత్తుకుంటే వెనకవాళ్లు పల్లవి అందుకుంటారు. చదువు రానివాళ్లూ రెండోసారికి పల్లవి పట్టేస్తారు. మన తెలుగు భజనలోనూ పద్ధతి ఇదే. వేపూరు హనుమద్దాసు, రాకంచర్ల వెంకటదాసు, మన్యంకొండ హనుమద్దాసుల కీర్తనలు పాలమూరు పల్లెల్లో నిలిచింది ఆ వెనకవాళ్ల గొంతుల్లోనే. హార్మోనియం పట్టిన గురువు, తాళాలు వేసే నలుగురు, పల్లవి అందుకునే ఊరంతా: భజనమండలి అంటే అంతే కదా. నా దృష్టిలో పాట కట్టడం కంటే ఇలా పదిమందిని ఒక శ్రుతికి తేవడమే కష్టమైన పని. గొంతు ఉన్నవాడు ముందుకు దూకుతాడు, లేనివాడు నోరు విప్పడు. ఇద్దరినీ సరిచేయాలి.

మరి ఇంతటి మనిషిని మనం ఎందుకు వదిలేసుకున్నాం? కారణం సరిహద్దు గీతలు. నిజాం కాలంలో గద్వాల, అలంపురం ప్రాంతాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాలను భాష ప్రకారం విడదీసినప్పుడు ఇవి తెలుగు వైపు వచ్చి మహబూబ్‌నగర్‌లో కలిశాయి. మాన్వి, మొసరకల్లు అటే ఉండిపోయాయి. పుట్టిన ఊరు అటు, పాడిన ఊరు ఇటు అయింది. కన్నడ సాహిత్య చరిత్రకారులు ఆయనను తమ దాసుల వరుసలో నిలుపుకున్నారు, అది న్యాయమే. తెలుగు సాహిత్య చరిత్రలో ఆయనకు చోటు లేదు, ఆయన తెలుగులో రాయలేదు కనుక. కానీ ఊరి చరిత్రకు భాష అడ్డం రాకూడదు. అయిజ, గట్టు వైపు ఇళ్లలో ఈ రోజుకీ రెండు భాషలూ నడుస్తాయి, పెళ్లి సంబంధాలు రాయచూరు దాకా ఉంటాయి. రామదాసు కీర్తన పాడిన నోటితోనే పురందరదాసుల పదం పాడేవాళ్లున్నారు. కన్నడ పాటను తెలుగు లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు.

2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకు తన చరిత్ర తాను రాసుకునే అవకాశం వచ్చింది. గోపాలదాసుల పాటలు తెలుగు లిపిలో, పక్కనే తెలుగు తాత్పర్యంతో ఒక పుస్తకంగా రావాలి. తమ్ముళ్ల పాటలు, గిరియమ్మ పాటలు కూడా అందులో చేరాలి. మన బడుల్లో పిల్లలకు కనీసం ఒక్క దేవరనామ అయినా కూర్చోబెట్టి నేర్పాలి. అయిజ దారిలో వెళ్లే ప్రతి బస్సులోనూ ఉత్తనూరు పేరు వింటూనే ఉంటాం. ఆ ఊళ్లో ఎవరు పాడారో పిల్లలు అడిగితే చెప్పగలిగేలా మన పెద్దలు ముందు తెలుసుకోవాలి.