ఊపిరా, గుండెనా? హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ కథ

1889 చివరి నెలల్లో లండన్ నుంచి థామస్ లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు హైదరాబాదు వచ్చాడు. గుండెకు సంబంధించిన మందుల విషయంలో ఆనాటి బ్రిటన్‌లో ఆయన మాటకు ఎదురు లేదు. గుండెనొప్పితో విలవిల్లాడే రోగికి అమైల్ నైట్రైట్ పీల్పిస్తే ఉపశమనం కలుగుతుందని 1867లోనే చూపించిన మనిషి. ఆయన్ను రప్పించడానికి వెయ్యి పౌండ్లు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. క్లోరోఫాం మత్తులో ఉన్నట్టుండి చనిపోతున్న మనుషుల్లో ముందు ఆగేది ఊపిరా, గుండెనా?

ఆ వెయ్యి పౌండ్లు వచ్చిన ఖజానాకు ప్రధానమైన ఆధారం భూమి శిస్తు. నేటి గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమంతా అప్పుడు నిజాం ఏలుబడిలోని ఎలగందుల జిల్లా. 1905లో అది కరీంనగర్ జిల్లా అయింది. హైదరాబాదులో ఇలాంటి పరిశోధన ఒకటి జరుగుతోందని ఆ జిల్లాలోని జగిత్యాల తాలూకా రైతుకు ఎవరూ చెప్పి ఉండరు. అయినా ఈ కథలో అతని వాటా ఉంది.

ఊపిరా, గుండెనా అన్న తగాదా 1889కి నలభై ఏళ్ల ముందే మొదలైంది. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాజిల్ దగ్గరి విన్లటన్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం వదిలింది. చికిత్సకు ముందు ఆమె భయంతో ఏడ్చింది. ఈ చిన్న వివరం దాదాపు అందరూ రాశారు కానీ దానికి విలువ కట్టినవారు చాలాకాలం లేరు. లండన్ వైద్యుడు జాన్ స్నో ఇలాంటి మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, గుండె చచ్చుబడడమే కారణమన్నాడు. ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ బడి వేరు. నాడి మీద వేలు పెట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని కనిపెట్టి ఉండు అన్నది ఆయన పాఠం.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. లాహోర్‌లో పనిచేసి 1885లో హైదరాబాదు వచ్చి, రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు మెడికల్ స్కూలు అధిపతిగా కుదురుకున్నాడు. 1846లో మొదలైన ఆ బడికి అనుబంధంగా మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. అక్కడ గుడ్డ శంకువులో క్లోరోఫాం చుక్కలు వేసి, ఊపిరి మీదే కన్నుంచి మత్తివ్వడం విద్యార్థులకు నేర్పేవాడు. ఆ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి ఉంది. ప్రపంచంలో మత్తుమందు వైద్యంలో నిలదొక్కుకున్న తొలి మహిళ అని ఆమెను ఇవాళ చాలామంది చరిత్రకారులు పేర్కొంటారు. లారీ మాత్రం తన పద్ధతిలో వేలమందికి మత్తిచ్చినా ప్రమాదం జరగలేదు గనుక గుండెకు భయమే లేదని తీర్మానించుకున్నాడు. మంచి హస్తవాసి ఉన్నవాడు తన అనుభవాన్నే ప్రకృతి ధర్మమనుకోవడం వైద్యంలో కొత్తేమీ కాదు.

1888లో ఆయన వేయించిన మొదటి కమిషన్, నూటికి పైగా ఊరకుక్కల మీద ప్రయోగాలు చేసి, ఆయన మాటే నిజమంది. 1889 మొదట్లో కన్నాట్ డ్యూక్ దంపతులు హైదరాబాదు వచ్చినప్పుడు లారీ ఆ ఫలితాన్ని సభాముఖంగా ప్రకటించాడు. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక నమ్మలేదు. అయితే మీరే ఒకరిని పంపండి, ఖర్చు మాది అన్నది నిజాం ప్రభుత్వం. బ్రంటన్ అలా వచ్చాడు. ఆయనతో పాటు లారీ, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం రెండో కమిషన్‌లో కూర్చున్నారు.

పని చాలా పెద్ద ఎత్తున సాగింది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద ప్రయోగించామని, వాటిలో 120కి రక్తపు పోటు కొలిచామని బ్రంటన్ లాన్సెట్‌కు తంతి కొట్టాడు. ధమనిలో అమర్చిన గొట్టం పాదరసాన్ని కదిలిస్తే, ఆ కదలికను తిరిగే డ్రమ్ముకు చుట్టిన మసి కాగితం మీద సూది గీసేది. ఆ గీతలన్నిటినీ ఫొటోలు తీశారు. వేగస్ నాడిని కోసి చూశారు, దానికి విద్యుత్తు పెట్టి చూశారు. కొన్ని కుక్కలకు ముందుగా భాస్వరం తినిపించి గుండెను పాడుచేసి, ఆ తర్వాత మత్తిచ్చారు. సగం మత్తులో ఉన్నప్పుడు పన్ను పీకితే, గోరు ఊడదీస్తే గుండె ఆగుతుందన్న అనుమానం ఉండేది గనుక ఆ పనులూ చేశారు. ఆ హింసను ఇవాళ చదవడం కష్టమే. కానీ ప్రశ్నను తప్పించుకోవడానికి వాళ్లు చూశారని ఎవరూ అనలేరు. గుండె వైపు మొగ్గు చూపుతూ వచ్చిన బ్రంటన్ కూడా లారీ పక్షం చేరాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడంలో, మోతాదు మించడంలో ఉంది, గుండెకు నేరుగా ఏమీ కాదు: ఆయన తంతి సారాంశం ఇదే. 1890లో నివేదిక లాన్సెట్‌లో వెలువడింది.

వాదం అంతటితో సద్దుమణగలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం అందేలా కలిపి, మందును మెదడుకు ఒకసారి, గుండెకు ఒకసారి విడివిడిగా పంపారు. పోటు పడిపోయింది మందు గుండెకు చేరినప్పుడే. అంటే గుండెకు నేరుగా దెబ్బ తగులుతోంది. అయినా అసలు చిక్కు విడలేదు. మోతాదు పెరిగి గుండె నీరసించడం ఒకటి. హన్నా గ్రీనర్‌లా తక్కువ మందుతోనే, మొదటి నిమిషాల్లోనే, ఆరోగ్యంగా ఉన్న మనిషి పోవడం మరొకటి.

ఆ రెండోదాని జాడ హైదరాబాదు ప్రయోగాలు జరిగిన ఏడాదే వేరేచోట దొరికింది. 1889లోనే ఆబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం, మనుషుల్లో హఠాన్మరణానికి గుండె నిలిచిపోవడం కన్నా, దాని కింది గదులు లయ తప్పి గజిబిజిగా వణకడమే కారణం కావచ్చని రాశాడు. ఇప్పుడు డాక్టర్లు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనేది అదే. క్లోరోఫాం మరణాలనూ ఈ వణుకునూ కలిపి చూసినవారు అప్పట్లో లేరు. మసి కాగితం మీద ఆ వణుకు వణుకులా కనిపించదు. పోటు పడిపోయి గీత కిందికి జారుతుంది, అంతే. నిలిచిన గుండెకూ, లయ తప్పి వణుకుతున్న గుండెకూ ఆ గీతలో తేడా తెలియడం కష్టం. కమిషన్ వేసుకున్న ప్రశ్నలోనూ ఆ మూడో దారికి చోటు లేదు. ఊపిరా, గుండెనా అని అడిగారు గానీ, గుండె ఏ లయలో ఉందని అడగలేదు. నా దృష్టిలో లోపం శ్రమలో లేదు, ప్రశ్నలో ఉంది.

1911లో మత్తుమందు వైద్యుడు గుడ్‌మన్ లెవీ, థామస్ లూయిస్‌తో కలిసి, పిల్లులకు తేలిక మోతాదులో క్లోరోఫాం ఇచ్చి గుండె విద్యుత్తును నమోదు చేశాడు. 1889లో లేని రెండు సాధనాలు అతనికి అందివచ్చాయి. ఒకటి ఐంథోవెన్ కొత్త శతాబ్దం తొలి ఏళ్లలో తెచ్చిన, గుండె విద్యుత్తును గీతగా చూపే తీగ గాల్వనోమీటరు. రెండోది 1901 నాటికి శుద్ధరూపంలో దొరికిన అడ్రినలిన్. మత్తు తేలికగా ఉన్నప్పుడు కొద్దిపాటి అడ్రినలిన్ పడితే గుండె దెబ్బలు ముందు అక్కడక్కడా తప్పాయి, తర్వాత గుంపులుగా పరుగెత్తాయి, చివరికి జఠరికలు, అంటే కింది గదులు, వణికాయి. మత్తు గాఢంగా ఉంటే ఈ ప్రమాదం తగ్గింది. భయపడిన మనిషికి అడ్రినలిన్ బయటినుంచి ఎక్కించనక్కర్లేదు, ఒంట్లోనే ఊరుతుంది. విన్లటన్ పిల్ల ఏడుపుకు ఇన్నేళ్లకు విలువ దొరికింది. లెవీ మాటను తోటి మత్తుమందు వైద్యులు వెంటనే ఒప్పుకోలేదన్నది వేరే కథ.

కారణం తెలియని గుండె దడతో ఇవాళ గొల్లపల్లి నుంచి జగిత్యాలకో కరీంనగర్‌కో వెళ్లే మనిషికి మొదట తీసేది ఇసిజి, అంటే గుండె విద్యుత్తు గీత. అది తీసే కొద్ది క్షణాల్లో దడ లేకపోతే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. అందుకే ఒంటికి హోల్టర్ అనే చిన్న యంత్రం కట్టి రాత్రింబవళ్లు నమోదు చేస్తారు, థైరాయిడ్, పొటాషియం, రక్తహీనత చూస్తారు, ఏ మందులు మింగుతున్నారో అడుగుతారు. లయ తప్పిన క్షణంలోనే పట్టుకోవాలన్న ఈ పట్టుదల వెనుక లెవీ లాంటివాళ్ల గీతలున్నాయి.

ఇక లారీ 1901లో హైదరాబాదు వదిలాడు. ఆ ఏడాదే విద్యార్థుల కోసం క్లోరోఫాం మీద ఒక పుస్తకం వేశాడు. అందులోనూ ఆయన అభిప్రాయం మారలేదు. 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని కూల్చింది. ఉస్మానియా ఆసుపత్రి ఆ తర్వాత కట్టిందే.