ఊరికోసం పుట్టిన చదువు: ఏఎన్‌ఎం కోర్సుకు డెబ్బై అయిదేళ్లు

పంజాబ్‌లోని తరన్ తారన్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి 1951లో తొలి ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సును మొదలుపెట్టింది. అది పెరిగి పెరిగి మన జిల్లా కేంద్రాల శిక్షణ పాఠశాలల దాకా, ఆ పాఠశాలల నుంచి ప్రతి సబ్‌సెంటర్ గడప దాకా వచ్చింది. ఇన్నేళ్ల చరిత్రను ఉత్సవ సంచికలో రాయాలంటే గర్వంగా చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. అయితే ఆ గర్వానికి ఆధారం ఏమిటో తేల్చుకోకుండా పొగడ్త మాత్రమే రాస్తే, ఈ చదువును నిలబెట్టిన వాళ్లకు న్యాయం చేసినట్టు కాదు. నా అభిప్రాయం ఇది: సమాజ ఆరోగ్య నర్సును తయారుచేసేది పుస్తకమూ కాదు, ఆసుపత్రి వార్డూ కాదు. అనుభవం గల పబ్లిక్ హెల్త్ నర్సు పక్కన ఉండగా ఇళ్ల మధ్య నేర్చుకున్న కాలమే ఆమెను తయారుచేస్తుంది. ఈ చదువును తొందరగా విస్తరించాలనుకున్న ప్రతిసారీ మనం కోసుకున్నది సరిగ్గా ఆ కాలాన్నే.

దీని మూలాలు 1951 కంటే వెనక ఉన్నాయి. ఇళ్లకు వెళ్లి తల్లులకు, పసిపిల్లలకు సేవ చేసే హెల్త్ విజిటర్ల కోసం 1918లో ఢిల్లీలో పెట్టిన పాఠశాల తర్వాత లేడీ రీడింగ్ హెల్త్ స్కూలుగా పేరుపొందింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1926లో, నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్‌కు అక్కడ చట్టం వచ్చింది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే, కానీ చాలా చిన్నవి. దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క చూస్తే ఆ చిన్నతనం తెలుస్తుంది. బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది, మంత్రసానులు 5,000 మంది, హెల్త్ విజిటర్లు 750 మంది. అంటే నాలుగు లక్షల జనానికి ఒక హెల్త్ విజిటర్. ఆ కమిటీ ప్రతి 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలంది. అందులో ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మంత్రసానులు ఉండాలంది. ఈ వరస గమనించదగ్గది. కేంద్రంలో కూర్చునే నర్సు ఒక్కరు, ఊళ్లలోకి వెళ్లే పబ్లిక్ హెల్త్ నర్సులు నలుగురు. మన పూర్వులు అడిగిన ఆరోగ్య వ్యవస్థకు వెన్నెముక ఆ పబ్లిక్ హెల్త్ నర్సే.

ఆ తరం పెద్దల పేర్లు భక్తితో తలుచుకోవాలి. తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరును 1946లో మొదలైన ఢిల్లీ నర్సింగ్ కళాశాల ఈనాటికీ మోస్తున్నది. కేంద్ర ప్రభుత్వ నర్సింగ్ సలహాదారుగా పనిచేసిన టి.కె. అద్రన్‌వాలా కొత్త దేశంలో నర్సింగ్ విద్యకు ఒక దారి వేశారు. అదే 1946లో వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ మొదలైంది. వెల్లూరు సంస్థను స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ రోడ్డుపక్క చెట్టు కింద వైద్యం చేసే పద్ధతిని అప్పటికే అలవాటు చేశారు. చిత్తూరు జిల్లావాళ్లకు వెల్లూరు పొరుగూరు కాబట్టి ఆ పేరు మనకు కొత్త కాదు. వీళ్లతో పాటు స్మరించవలసినవాళ్లు ఇంకా ఉన్నారు: కాన్పు కిట్లు, పరికరాలు ఇచ్చిన యూనిసెఫ్, టీచర్లను పంపిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, నిధులిచ్చిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, తమ వార్డుల తలుపులు తెరిచిన మిషన్ ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల మేట్రన్లు, సిస్టర్ ట్యూటర్లు, హాస్టల్ వార్డెన్లు, విద్యార్థినులను ఊళ్లకు చేర్చిన జీపు డ్రైవర్లు, తమ ఇంట్లో కాన్పు చూసి నేర్చుకోనిచ్చిన వేలాది తల్లులు. చివరివాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

1952లో సమాజ వికాస పథకంతో ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. కానీ బ్లాకు మొత్తానికి ఒక హెల్త్ విజిటర్, నలుగురు మంత్రసానులతో సరిపెట్టారు. భోర్ కమిటీ 40,000 మందికి అడిగిన నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సుల చోట, అంతకంటే ఎక్కువ జనాభాకు ఒక్కరే మిగిలారు. ఆ లోటు పూడ్చే పని అప్పుడే మొదలైన ఏఎన్‌ఎం మీద పడింది. రెండేళ్ల చదువు, అందులో 9 నెలలు మంత్రసాని పని, 3 నెలలు సమాజ ఆరోగ్యం. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో పాఠశాలలు పెరగడం తప్ప పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

అసలు కష్టకాలం 1970లలో వచ్చింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు అనే పద్ధతి మాని బహుళార్థ కార్యకర్తలు కావాలంది. ఒక ఇంటికి నలుగురు వేర్వేరు ఉద్యోగులు వెళ్లడం దండగే కాబట్టి ఆ ఆలోచనలో తప్పు లేదు. తప్పు జరిగింది శిక్షణలో. పని నాలుగింతలైతే చదువు పెరగాలి. కానీ 1977లో ఏఎన్‌ఎం కోర్సు 18 నెలలకు తగ్గింది. అప్పటికే కుటుంబ నియంత్రణ టార్గెట్లు ఆమె నెత్తిన ఉన్నాయి. ఎమర్జెన్సీ రోజుల్లో అవి ఎంత బరువెక్కాయో దేశమంతా చూసింది. 1996లో టార్గెట్లు ఎత్తివేసేదాకా, నెలకు ఎన్ని కేసులు తెచ్చిందన్నదే సబ్‌సెంటర్ నర్సమ్మ కొలమానం. బాలింతను ఎన్నిసార్లు చూసిందన్నది ఎవరూ అడగలేదు. ఏది అడుగుతారో శిక్షణ కూడా దానివైపే వంగుతుంది.

దీనికి జవాబుగా కొందరు చెప్పే మాట బలమైనదే. కోర్సు కుదించకపోతే ఇన్ని సబ్‌సెంటర్లకు మనుషులు దొరికేవారా? ఫలితం కూడా బాగానే ఉంది కదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో లక్ష సజీవ జననాలకు 195గా ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి తగ్గాయి. ఈ తగ్గుదలలో ఏఎన్‌ఎంల పాత్ర నిస్సందేహంగా ఉంది. గర్భిణులను పేరు పేరునా నమోదుచేసి ఆసుపత్రికి నడిపించింది వాళ్లే. కానీ అదే ఫలితం రెండోవైపు కూడా చూడాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. కాన్పు చేయగల నర్సు ఊళ్లో లేకుండా పోయాక సహజంగా జరగవలసిన కాన్పు కూడా కత్తి దగ్గరికే చేరింది. కారణం ఇదొక్కటే అనను. ప్రైవేటు ఆసుపత్రుల లాభాపేక్ష, ముహూర్తాల పిచ్చి, నొప్పుల భయం అన్నీ ఉన్నాయి. అయినా 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించవలసి వచ్చిందంటే, పోగొట్టుకున్నదేమిటో ప్రభుత్వమే గుర్తించినట్టు.

కాన్పులన్నీ ఆసుపత్రిలోనే అవుతుంటే ఏఎన్‌ఎంకు ఇళ్ల మధ్య శిక్షణ దేనికన్నది రెండో అభ్యంతరం. ఆపరేషన్ అయిన తల్లి కొద్ది రోజులకే ఇంటికి వస్తుంది. కుట్లలో చీము, జ్వరం, పాలు పడకపోవడం, బిడ్డ బరువు పెరగకపోవడం, అన్నీ ఇంట్లోనే బయటపడతాయి. బీపీ, షుగరు మాత్రలు మధ్యలో మానేసే రోగి కూడా ఇంట్లోనే ఉంటాడు. వంటగదిలోని ఉప్పు డబ్బా, అత్తగారి పత్యం, తాగే మగడు, ఇవన్నీ చూసి మాట్లాడగలగడం వార్డులో నేర్పితే వచ్చే విద్య కాదు. 2012 నుంచి ఇంటర్ చదివినవాళ్లకు మళ్లీ రెండేళ్ల కోర్సు అయింది. మంచి నిర్ణయమే. నెలలు తిరిగివచ్చాయి. వెంట నడిచి నేర్పే పబ్లిక్ హెల్త్ నర్సులు మాత్రం అదే సంఖ్యలో తిరిగిరాలేదు.

ఇంకో మాట కూడా ఉత్సవవేళ చెప్పక తప్పదు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో వచ్చాక సబ్‌సెంటర్లలో అదనంగా కాంట్రాక్టు మీద తీసుకున్న రెండో ఏఎన్‌ఎంలు ఏళ్ల తరబడి కాంట్రాక్టులోనే ఉండిపోయారు. తెలంగాణలో 2023లో వాళ్లు సమ్మెకు దిగవలసి వచ్చింది. 2018 తర్వాత సబ్‌సెంటర్లు తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు అవుతూ వచ్చాయి. అక్కడి కొత్త కుర్చీలో పలుచోట్ల డిగ్రీ లేదా జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) చదివిన నర్సు కూర్చుంటున్నది. ఆమె రాకను స్వాగతించాలి. కానీ అదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా ప్రతి ఇంటి గుట్టు తెలిసిన ఏఎన్‌ఎం ఆ కుర్చీకి అర్హురాలు కాదు. జీఎన్‌ఎం చదవడానికి ఏఎన్‌ఎంకు నిబంధనల ప్రకారం అవకాశం ఉంది. ఉద్యోగం, జీతం వదులుకోకుండా చదవడానికి సెలవూ, ప్రత్యేక సీట్లూ కావాలి. ఊళ్లో గడిపిన సర్వీసును ఆ చదువులో క్షేత్ర శిక్షణగా లెక్కించాలి. కొత్తగా వచ్చే విద్యార్థినులకు నేర్పే బాధ్యతను, దానికి తగిన భత్యంతో, ఆమెకే అప్పగించాలి. ఈ ఉత్సవ సభలో చేసే తీర్మానాల్లో ఇవి మొదటి వరుసలో ఉండాలి.