పిడి మారిన గంటం



మా ముత్తాతగారు గద్వాల సంస్థానపు పల్లెలలో తాటాకు పుస్తకాలకు ప్రతులు వ్రాసి జీవించిన వ్రాయసకాడు. ఆయన గంటం మా ఇంట మిగిలి ఉన్నది. చూచినవారెవరూ దానిని గంటమనుకోరు, జేబుచాకు అనుకొంటారు. ఎనుము కొమ్ముతో చేసిన పిడి. ఒక కొసన చిన్న కత్తి, రెండవ కొసన వ్రాసే ములికి. రెండూ శీలల మీద తిరిగి పిడిలోని గాడిలోకి ముడుచుకొంటాయి. తమిళులు ఈ రకాన్ని మడక్కెళుత్తాణి, అనగా మడిచే గంటం, అంటారు. తాళపత్రాల కోసం ఊరూరా తిరిగిన ఉ. వే. స్వామినాథయ్యర్ (1855–1942) తమ వ్రాతలలో దీనిని వర్ణించినారు.

వ్రాసేవానికి కత్తి ఎందుకని అడుగవచ్చు. ఆకుకు ఈనె తీయవలె, అంచులు సరిచేయవలె, అన్నిటినీ ఒకే కొలతకు కోయవలె. ఆ తరువాతనే ములికికి పని. సిరా లేదు; ఆకు మీద గీచి, ఆ గీతలలో మసి పూసి తుడిస్తే అక్షరం కనబడుతుంది. ఐరోపాలోనూ ఇదే కథ. ఆంగ్లేయులు చిన్న చాకును పెన్‌నైఫ్ అనడానికి కారణం, అది మొదట పక్షి ఈక కలాన్ని చెక్కే కత్తి కావడమే. చాకు అనే మాట మనకు పారసీకం నుండి వచ్చినదే కాని, వ్రాయసకాని సంచిలో కత్తి ఉండడం మాత్రం మన ఎరుకలోనిదే.

మా గంటపు కొమ్ము బద్దలను పురుగు తిన్నది. ఇనుము త్రుప్పు పట్టింది. దానిని బాగు చేయించబోయి నేను చేసిన అపరాధం ఇక్కడ చెప్పుకోవలె. ఒక పట్టణపు దుకాణంలో తళతళలాడేటట్లు చేసి ఇస్తామన్నారు; సరేనన్నాను. కత్తి మీద, శీల ప్రక్కన, రెండు చిన్న అక్షరాలు చెక్కి ఉండేవి. అవి మా ముత్తాతగారి పేరులోనివో, చేసిన కమ్మరి గుర్తో తేల్చుకొనక ముందే సానచక్రం వాటిని తినివేసింది. ముప్పది ఏండ్లు పిల్లలకు “చూచి వ్రాయండి” అని చెప్పిన నేను ఆ రెండు అక్షరాలను ఒక కాగితం మీద ఎక్కించుకోలేదు.

ఆ తరువాత తెలిసినవారు చెప్పగా వనపర్తిలో ఒక వృద్ధ వడ్ల పనివాని వద్దకు వెళ్ళినాను. రాజుగారి ప్రాసాదంలో 1959 నుండి పాలిటెక్నిక్ నడుస్తున్న ఊరది. ఆయన ఆ మెట్లెక్కినవాడు కాడు. తండ్రి వద్ద నేర్చినాడు. “సారూ, ఇనుమును ఇంక రుద్దకుండ్రి. రెండు దినాలు కిరసనాయిలల నానబెట్టి గుడ్డతోని తుడువుండ్రి, సాలు” అన్నాడు. పిడికి కొయ్య నాగర్‌కర్నూలు దగ్గర మా బంధువుల ఇంటి నుండి తెచ్చినాను. ట్రాక్టరు వచ్చిన తరువాత మూలపడిన నాగలి మేడి అది, నల్లతుమ్మ చేవ. ఆయన దానిని రెండు బద్దలుగా కోసి, లోపల గాడి తీసి, ఇత్తడి తీగను శీలలుగా వేసినాడు. శీల కొట్టేటప్పుడు ఇనుముకు, కొయ్యకు నడుమ కాగితపు ముక్క పెట్టి, తరువాత లాగివేసినాడు. ఆ సందు లేకపోతే కత్తి బిగుసుకొని తెరుచుకోదట. చివర కొయ్యకు అవిసె నూనె పట్టించినాడు.

పిడి మారినది కదా, ఇది ముత్తాతగారి గంటమేనా అని నాకు సందేహం కలిగింది. తాళపత్రాల చరిత్రే దానికి సమాధానం చెప్పింది. తిక్కనగారు 13వ శతాబ్దంలో వ్రాయించిన ఆకులు నేడు లేవు. పురుగుకు, తేమకు ఆకు పాడవుతుంది. అందుకే తరం తరువాత తరం ప్రతులు వ్రాసినారు. మనం చదివే భారతం ప్రతులకు ప్రతులలో నుండి వచ్చినది. ఆకు మారినా గ్రంథం నిలిచినట్లే, పిడి మారినా గంటం నిలుస్తుంది. ప్రతి వ్రాసుకోనిదే పోతుంది, మా కత్తి మీది రెండు అక్షరాల వలె.

గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. వనపర్తి, జటప్రోలు సంస్థానాలకూ కవిపోషణలో పేరున్నది. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించినారు. ఆయనే తరువాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసి, చరిత్ర అంటే రాజుల కథ మాత్రమే కాదని చూపినారు. ఆ కవుల పద్యాలు ఏ ఆకుల మీద నిలిచినవో, ఆ ఆకులను గీచిన గంటాలను చేసిన కమ్మరుల పేర్లు ఏ సంచికలో చూడగలం?

పని ముగిసిన దినం నేను ఆయనను ఒక కోరిక కోరినాను. పిడి లోపలి వైపు, ఇత్తడి శీల ప్రక్కన, ఆ గంటంతోనే తన పేరు వ్రాయుమన్నాను. “నా పేరెందుకు సారూ, వస్తువు మీది గద” అని సిగ్గుపడినాడు. బలవంతపెట్టగా వ్రాసినాడు. గంటం ముడిచితే ఆ పేరు కనబడదు. తెరిచిన ప్రతిసారీ కనబడుతుంది. ఈసారి దానిని కాగితం మీదకూ ఎక్కించుకొన్నాను. పురుగు తిన్న పాత కొమ్ము బద్దలను గుడ్డలో చుట్టి ఆ కాగితంతో పాటు పెట్టెలో దాచినాను.

మీ ఇండ్లలో అడకత్తెరో, పాత చాకో, గంటమో ఉంటే బాగు చేయించండి. అంతకు ముందు ఒక్కసారి దీపం వెలుగులో త్రిప్పి చూడండి. ఏ గీత కనబడినా, అర్థం కాకపోయినా, వ్రాసి పెట్టుకోండి.

స్వస్తి.