ఇసుక సముద్రములో సరుకుల లారీలు

1940వ సంవత్సరము జూన్ 10వ తేదీన ఇటలీ బ్రిటనుపై యుద్ధము ప్రకటించెను. అప్పుడు ఈజిప్టులో బ్రిటిష్ సైన్యమును, దానికి పడమరనున్న లిబియాలో ఇటలీ సైన్యమును ఉండెను. ఆ రెండు దేశముల నడుమ మధ్యధరా సముద్రతీరము వెంట ఒక మార్గము కలదు. సైన్యములు, టాంకులు, తిండి, పెట్రోలు అన్నియు ఆ దారినే నడువవలెను. తీరమునకు దక్షిణముగా వందల కిలోమీటర్ల పొడవున లిబియా ఎడారి వ్యాపించి యున్నది. అందులో సుమారు 72,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల ఇసుక దిబ్బల ప్రదేశమునకు ‘మహా ఇసుక సముద్రము’ అని పేరు. కొన్ని దిబ్బలు నూరు మీటర్లకు మించిన ఎత్తు గలవి.

ఆ ఎడారిని మోటారు బండ్లతో దాటుట సాధ్యము కాదని చాలమంది సేనానులు నమ్మిరి. కాని శత్రువు దక్షిణమునుండి వచ్చి నైలునదీ మార్గమును తెగగొట్టినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న కైరోలోని సేనాధిపతి జనరల్ వేవెల్‌ను బాధించెను. దీనికి సమాధానము తెలిసినవాడు మేజర్ రాల్ఫ్ బాగ్నోల్డ్. ఎడారిలో తిరుగుటకు చిన్న దళమును ఏర్పరచెదనని ఆయన చెప్పగా, వేవెల్ ఆరు వారముల గడువిచ్చెను. 1940 జూలైలో ఆ దళము పుట్టెను. లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అను పేర అది తరువాత ప్రసిద్ధి కెక్కెను. దానికి కావలసిన బండ్లు యుద్ధము కొరకు తయారైనవి కావు; ఊళ్లలో సరుకులు చేరవేయుటకు తయారైన తేలిక లారీలు.

మొదటి పాఠములు

ఈ ఆలోచన ఒక్కనాటిది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1916 మొదలుకొని, ఈజిప్టు పడమటి సరిహద్దులో సెనూసీ తెగలవారిపై నిఘా ఉంచుటకు బ్రిటిష్ వారు ఫోర్డు మోడల్ టి కార్లను వాడిరి. ఆ కారు 1908లో వెలువడినది; దాని ఇంజను శక్తి 20 అశ్వశక్తులు మాత్రమే. కాని బరువు తక్కువ. అందుచేత బరువైన కవచ శకటములు దిగబడిన చోట అది సులభముగా సాగిపోయెను. ఈ ‘లైట్ కార్ పెట్రోల్’ దళములతో ఈజిప్టు సర్వేశాఖకు చెందిన డాక్టర్ జాన్ బాల్ కూడ తిరిగి ఎడారి పటములు తయారుచేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ అనుభవము మరుగున పడినది. 1920 తరువాతి దశాబ్దము చివరలో బాగ్నోల్డ్, అతని మిత్రులు సెలవు దినములలో సొంత ఖర్చుతో ఫోర్డు కార్లను ఎడారిలో నడిపి దానిని మరల వెలికి తీసిరి.

అంగడిలో కొన్న లారీలు

దళమునకు మొదట దొరికినవి 33 షెవ్రోలే లారీలు. అందులో 14 ఈజిప్టులోని షెవ్రోలే వ్యాపారులవద్ద కొన్నవి. 19 ఈజిప్టు సైన్యమునుండి తెచ్చుకొన్నవి. వీటిని ‘30 హండ్రెడ్‌వెయిట్’ లారీలనెడివారు. ఒక హండ్రెడ్‌వెయిట్ సుమారు 50.8 కిలోగ్రాములు గనుక, నిర్ణీతమైన మోత సుమారు ఒకటిన్నర టన్నులు. ఇంజను వెనుక చక్రములనే త్రిప్పును.

ఒక్కొక్క పహరా దళములో మొదట ఇద్దరు అధికారులు, 28 మంది సైనికులు, 11 బండ్లు ఉండెను. సైనికులలో తొలి బృందము న్యూజిలాండ్ వారు. లారీల తలుపులు, ముందు అద్దములు, కప్పులు ఊడదీసి బరువు తగ్గించిరి. స్ప్రింగులకు అదనపు పట్టీలు వేసిరి. తుపాకులకు, వైర్‌లెస్ యంత్రమునకు చోటు చేసిరి. మూడు వారములకు సరిపడు తిండి, నీరు, సుమారు 1,800 కిలోమీటర్లకు సరిపడు పెట్రోలు వెంట ఉండవలెను. దారిలో కొనుటకు అంగడి లేదు. పాడైనచో బాగుచేయుటకు కార్ఖానా లేదు.

చక్రము ఎందుకు దిగబడును?

నేల మీద పడు ఒత్తిడి బరువును బట్టియే కాక, ఆ బరువు ఎంత వైశాల్యముపై పరచుకొనినదను దానిని బట్టియు ఉండును. ఒక చక్రముపై 1,000 కిలోల బరువు పడినదనుకొందము. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైనచో, టైరు నేలను తాకు చోటు సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. గాలి తీసి ఒత్తిడిని 2 కిలోలకు తగ్గించినచో టైరు చదునై, ఆ చోటు 500 చదరపు సెంటీమీటర్లగును. ఇసుకపై భారము సగమగును. వెడల్పైన టైరులను తక్కువ గాలితో వాడుటలోని రహస్యమిదియే.

ఇసుక అంతయు ఒక తీరున ఉండదు. గాలి ఎగురవేసిన రేణువులు గంతులు వేయుచు పోయి, గాలివాలు వైపున దగ్గర దగ్గరగా ఇమిడి గట్టిపడును. శిఖరము దాటి అవతలి వైపు జారిపడిన ఇసుక వదులుగా ఉండును. బాగ్నోల్డ్ ఇంగ్లండులో గాలి సొరంగమును నిర్మించి ఈ సంగతులను ప్రయోగములతో కొలిచెను. ఆయన గ్రంథము 1941లో వెలువడెను. 1944లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఎచ్చట వేగముగా పోవలెనో, ఎచ్చట ఆగి చూడవలెనో డ్రైవరుకు చెప్పగలిగినది ఈ విజ్ఞానమే. అప్పటికిని లారీ దిగబడినచో చక్రముల క్రింద ఇనుప పలకలు వేసి పైకి తీసెడివారు.

నీటిని మిగిల్చిన గొట్టము

ఎడారి వేడిమిలో, ముఖ్యముగా గాలి వెనుకనుండి వీచునప్పుడు, రేడియేటరులోని నీరు మరిగి ఆవిరైపోవును. మనుష్యులు త్రాగవలసిన నీటిని ఇంజనుకు పోసిన ఎంతదూరము పోగలరు? అందుచేత రేడియేటరు మూతిని గట్టిగా మూసి, ఆవిరి పోవు గొట్టమును ప్రక్కనున్న ఒక డబ్బాలోని నీటిలో ముంచిరి. ఆవిరి ఆ చల్లని నీటిలో చేరి మరల నీరగును. బండి ఆపగానే ఇంజను చల్లబడును. రేడియేటరులోని ఆవిరి ముడుచుకొని అక్కడ ఒత్తిడి తగ్గును. బయటి వాయుపీడనము డబ్బాలోని నీటిని తిరిగి లోపలికి నెట్టును. ఈ ఉపాయమును మోడల్ టి కార్ల కాలముననే వాడిరి.

దిక్కు తెలుపు నీడ

లారీలోని ఉక్కు అయస్కాంతపు సూదిని ప్రక్కకు లాగును. దిక్సూచిని నమ్మవలెనన్న బండి దిగి కొంత దూరము నడచి చూడవలెను. అందుచేత బాగ్నోల్డ్ సూర్యుని ఆధారముగా చేసికొనెను. డ్రైవరు ముందు సమతలముగా ఒక వర్తులాకారపు పలక. దాని అంచున 360 అంశల గుర్తులు. నడుమ నిలువుగా ఒక సూది. సూది నీడ కావలసిన గుర్తుపై పడునట్లు బండిని నడిపించవలెను. సూర్యుడు కదలుచుండును గనుక, గడియారమును, పట్టికను చూచి పలకను అప్పుడప్పుడు త్రిప్పవలెను. రాత్రి నక్షత్రముల ఎత్తును థియోడలైటుతో కొలిచి, వైర్‌లెస్ ద్వారా వచ్చిన సరియైన కాలముతో లెక్కించి, తామున్న తావును పటముపై గుర్తించెడివారు.

బలము ఎక్కువైన చేటు

1941 ఆరంభమున మొదటి లారీలు అరిగిపోగా, ఫోర్డు సంస్థవారి నాలుగు చక్రములు తిరుగు లారీలు వచ్చినవి. ఇవి ఇసుకలో మరింత మేలని ఎవరైనను అనుకొందురు. కాని ఇవి బరువైనవి. పెట్రోలు చాల ఎక్కువ త్రాగినవి. పెట్రోలు మోయుటకే చోటంతయు పోయినచో తిండికి, నీటికి చోటెక్కడ? ఒక్క నింపుతో పోగల దూరము తగ్గినది. అందుచేత 1942లో కెనడానుండి ప్రత్యేకముగా తెప్పించిన షెవ్రోలే లారీలు రాగా, దళము మరల రెండు చక్రముల త్రిప్పుడుకే వచ్చినది.

లారీ పోయిన, ప్రాణము

ఈ యంత్రములపై ఎన్ని ప్రాణములు ఆధారపడినవో 1941 జనవరి 31న తెలిసినది. కుఫ్రాకు దక్షిణమున జెబెల్ షెరీఫ్ వద్ద ఇటలీ దళము, విమానములు ఒక పహరాపై దాడిచేసి మూడు లారీలను ధ్వంసము చేసినవి. బండ్లు లేక మిగిలిన నలుగురు సైనికులు, అందు ఇద్దరు గాయపడినవారు, లొంగిపోవుటకు ఇష్టపడక ఒక చిన్న డబ్బా నీటితో దక్షిణముగా నడిచిరి. వారిలో మిక్కిలి ముందుకు పోయినవాడు పది దినములలో సుమారు 340 కిలోమీటర్లు నడిచెను. నలుగురును కనుగొనబడిరి, కాని అందొకడు పిమ్మట మరణించెను. లారీ కొన్ని గంటలలో దాటు దూరము మనిషికి ప్రాణాంతకమైనది.

ఆ దళము చేసిన పనులలో మిక్కిలి విలువైనది కాల్పులు కాదు, లెక్క. 1942 మార్చి నుండి జూలై వరకు సైనికులు శత్రువుల వెనుక, తీరపు రోడ్డు ప్రక్కన ఇద్దరిద్దరుగా దాగి, పోవుచున్న ప్రతి లారీని, టాంకును, ఫిరంగిని రాత్రింబగళ్లు లెక్కించిరి. ఆ లెక్క వైర్‌లెస్ ద్వారా కైరో చేరెను. భారత సైనికులతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడ 1942 చివరలో ఈ దళముతో కలిసి పనిచేసెను.

చరిత్రకారుని పరిశోధన

సరుకుల లారీకి చరిత్ర వ్రాయుట తేలిక కాదు. అరిగిపోగానే దానిని పారవేయుదురు. కనుక పరిశోధకులు ఛాయాచిత్రములలోని రేడియేటరు జాలీని చూచి బండి నమూనాను, టైరులను చూచి కాలమును ఊహింతురు. ఆ ఊహను యుద్ధ దినచర్యలతో సరిచూతురు. న్యూజిలాండ్ సైనికులు తమ లారీలకు మావోరీ భాషా నామములు పెట్టి, పేరులోని మొదటి అక్షరము దళపు గుర్తుతో కలియునట్లు చూచిరి. ‘డబ్ల్యు’ దళపు లారీకి వైకహా అని పేరు. ఆ వైకహా 1980లో ఎడారిలో దొరికినది. లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియము దానిని రంగు వేయక, తుప్పుతో సహా భద్రపరచినది. కొత్త రంగు కప్పివేయు సాక్ష్యమును పాత తుప్పు నిలిపియుంచును.

పాఠశాలలో ఈ నీడ యంత్రమును చేసి చూడవచ్చును. ఒక అట్టపై వృత్తము గీసి, నడుమ మేకు నిలిపి, గంట గంటకు నీడను గుర్తింపవలెను. నీడ గంటకొక సమానమైన కోణము చొప్పున తిరుగదని విద్యార్థులే కనుగొందురు; పట్టిక అవసరమెందుకో అప్పుడు బోధపడును. హైదరాబాదులో మే రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వచ్చును. మేకునకు నీడయే ఉండదు. కుఫ్రా ప్రాంతమున జూన్ నెలలో ఆ దళమునకు ఎదురైన చిక్కు ఇదియే. ఆ వేళ వారు లారీల నీడన విశ్రమించి, సూది నీడ మరల పొడుగైన పిదప ప్రయాణము సాగించిరి.