కొవ్వులో పుట్టే విరుగుడు

వేసవిలో హనుమాన్ జంక్షన్‌లో మామిడిపళ్ళ బేరం చూడండి. చిన్నరసం ముచ్చిక దగ్గర వాసన చూసి, "నాకు షుగరండీ, పిల్లల కోసం" అనేవాళ్ళు తగులుతూనే ఉంటారు. అందరూ లావుపాటి మనుషులేం కాదు. కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం ముందుకి. నేరమంతా పండు మీదికి నెడతాం గానీ, అసలు కథ ఆ పొట్టలోని కొవ్వుది.

1876లో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్, కీళ్ళవాపులకు వాడే సోడియం సాలిసిలేట్ ఇస్తే కొందరు మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గడం గమనించారు. వాపు మందుకీ చక్కెరకీ ఏం సంబంధం? జవాబుకి నూరేళ్ళు దాటింది. లావెక్కిన ఎలుకల కొవ్వులోనే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే వాపు ప్రొటీన్ తయారై ఇన్సులిన్‌కి అడ్డుపడుతోందని 1993లో హోతమిస్లిగిల్, స్పీగెల్‌మన్ చూపించారు.

విరుగుడు కూడా ఆ కొవ్వులోనే ఉంది. 1995లో అమెరికాలో ఫిలిప్ షెరర్, హార్వే లోడిష్ బృందం, మరుసటి ఏడు జపాన్ శాస్త్రజ్ఞులు విడివిడిగా కనుగొన్న ఆ ప్రొటీన్‌ని ఇప్పుడు అడిపోనెక్టిన్ అంటున్నాం. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరని తగ్గిస్తుంది, కండరాల్లో కొవ్వు ఖర్చయ్యేలా చేస్తుంది, వాపు రేపే కణాలని శాంతపరుస్తుంది. కొవ్వు చేసే సరుకే కాబట్టి కొవ్వుతోపాటు ఇదీ పెరగాలి కదా! 1999లో ఒసాకా బృందం కొలిస్తే లావైనవాళ్ళలోనే తక్కువగా తేలింది. కొవ్వు కణాలు ఉబ్బి, చుట్టూ తెల్లరక్తకణాలు మూగి, టీఎన్ఎఫ్ పెరిగేకొద్దీ అడిపోనెక్టిన్ తయారీ కుంటుపడుతుంది. కాపలాదారు అవసరం ఎక్కువైన రోజునే సెలవు పెట్టినట్టు!

ఇది మనకి మరీ దగ్గరి సంగతి. అడిపోనెక్టిన్ తక్కువున్నవాళ్ళకి తర్వాత షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని 2003లో చెన్నైలో స్నేహలత, రామచంద్రన్ బృందం చూపింది. కొవ్వు గుట్టు వెతకడంలో మన హైదరాబాదు వంతూ ఉంది: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, మామూలు మేత తింటూనే విపరీతంగా లావెక్కే ఎలుకల జాతి ఒకటి బయటపడింది. గిరిధరన్ బృందం 1996లో దాన్ని లోకానికి పరిచయం చేసింది. స్థూలకాయం గుట్టు వెతకడానికి ఆ సంతతి ఇప్పటికీ ఆధారం.

అడిపోనెక్టిన్‌నే మందుగా ఇచ్చే వీలు ఇంకా రాలేదు. పయోగ్లిటజోన్ దాన్ని పెంచుతుంది గానీ, ఒంట్లో నీరు చేరడంలాంటి ఇబ్బందులున్నాయి. డాక్టరు చెప్పందే వేసుకోకూడదు. బరువు బాగా తగ్గినా అడిపోనెక్టిన్ పెరుగుతుంది. అసలు కథ పొట్ట కొవ్వుది కాబట్టి త్రాసుతోపాటు టేపు కూడా కావాలి: నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే, సన్నగా ఉన్నా సరే, షుగర్ పరీక్ష చేయించుకోండి.